గాలి ఆగిన కాడ

సముద్రం మీద లేచిపోదామన్నవు.
హైదరాబాదుల సముద్రం యాడిదే ఎస్తేరూ అంటే
పేర్లనే ఉన్నది గద, సాగర్ అని,
అని నవ్వినవు.

రిజిస్ట్రార్ ఆఫీసు నోటీసు బోర్డు మీద
ముప్పై దినాలు పక్కపక్కన ఎండినయి మన పేర్లు.
ఎవరో చదివిండ్రు. ఎవరో చెప్పిండ్రు.
మీ పెద్దన్న సికింద్రాబాద్ స్టేషన్ల,
నడిపాయన గౌలిగూడ బస్టాండ్ల,
మా బావలేం తక్కువ, ట్యాంక్‌బండ్ రెండు దిక్కుల
సైకిల్ చెయిన్లు పట్టుకొని.
నీళ్ళకు మాత్రం ఎవ్వరు కాపలా పెట్టలే.
నీళ్ళు గూడ తొవ్వే అని
క్లబ్బుల తెరచాపలు కుట్టే దావీదు బిడ్డకు తప్ప
ఎవరికెరుక?

పదకొండో నంబరు పడవ.
ఇద్దరు కూసుంటే మూడో మనిషికి జాగ లేని యాట్.
నేను చిక్కడపల్లి ప్రెస్సుల కంపోజిటర్ని,
ఊరందరి శుభలేఖలు
సీసం అక్షరాలతోటి కూర్చినోణ్ణి,
ఈత రానోణ్ణి.
ఒక కాలు ఒడ్డున, ఒక కాలు పడవల పెట్టి
గట్లనే నిలవడ్డ.
"పేర్లనే గట్టున్నది గదయ్యా గట్టయ్యా,
యాడికి పోయినా నీ ఎంబడే వస్తది, ఎక్కు."
ఎక్కిన.

తాడు గుంజినవు.
చీకట్ల తెల్లగుడ్డ ఉబ్బింది,
దండెం మీద మా అమ్మ చీర ఉబ్బినట్టు.
చుక్కాని నీ చంకల.
అప్పటిదాక నిన్ను బస్సుల, చర్చి మెట్ల మీద,
ఇరానీ హోటల్ పరదా ఎనక చూసిన.
గాలి కోసం చూసే నీ మొఖం
ఆ రాత్రే చూసిన.
నా దిక్కు తిరగనే లేదు నువ్వు.
అంత అందంగ నన్నెవరు పట్టించుకోకుండ
ఉండలే ఇంతవరకు.

ట్యాంక్‌బండ్ దీపాలు నీళ్ళల్ల
గ్యాలీల అక్షరాల్లెక్క తిరగబడి ఉన్నయి.
ఉల్టా చదువుడు నా పని గద, చదివిన.
ఏమున్నదని అడిగినవు.
అచ్చుతప్పులున్నయి, అన్న.

నడిమిట్లకు వచ్చినంక
గాలి పడిపోయింది.
చాప సచ్చుబడ్డది. గుర్రపుడెక్క చుక్కానికి చుట్టుకున్నది.
దోమలు. మురికి వాసన.
సముద్రం ఇట్లనే వాసనొస్తదా అంటే
నేను మాత్రం ఎన్నడు చూసిన, అన్నవు.
నువ్వు సముద్రం చూడలేదన్న ముచ్చట
నాకు అప్పుడే తెలిసింది.

అప్పటికి బుద్ధుడు ఇంకా నీళ్ళడుగునే ఉన్నడు.
తెచ్చేటప్పుడు జారి, మనుషుల్ని ఎంబడి తీసుకపోయి
ఏడాదిన్నర సంది బురదల ఒరిగి.
"ఇక్కడనే కావచ్చు" అన్నవు మెల్లగ.
ఇద్దరం మాట బంద్ చేసినం.
ఆయన గూడ రాత్రి ఇల్లు ఇడిచినోడే,
పండుకున్న పెండ్లాన్ని లేపకుండ.
నీ చెయ్యి పట్టుకున్న.
తాడు ఒరుసుకపోయి బొబ్బలెక్కి ఉన్నది.
పోయినోళ్ళ కోసం నువ్వేదో ప్రార్థన గొణిగినవు.
నాకు మంత్రం రాదు, పద్యం రాదు,
శుభలేఖ అడుగున వేసే
"మీ రాక కోరు" ఒక్కటే నోట్లెకొచ్చింది.
మింగిన.

ఖైరతాబాద్ దిక్కు రైలు కూసింది.
యాడనో అజాన్.
గాలి రాలే.
నీ చెప్పుతోటి నువ్వు, నా టిఫిన్ డబ్బా మూతతోటి నేను
నీళ్ళు తోడినం, పడవ నూకినం.
ఇంత నిదానంగ లేచిపోయినోళ్ళు
ఈ పట్నంల ఇంకెవరు ఉండరు.

ఒడ్డున బట్టలుతికేటాయన
ఏడికెల్లి వస్తున్నరు అంటే
సముద్రం మీదికెల్లి, అన్నవు.
తడిసిన నీ చీర చూసిండు, ఎనకకు నీళ్ళ దిక్కు చూసిండు,
మళ్ళ ఉతుకుడు మొదలువెట్టిండు.

సంతకాలయినంక, పగటీలి,
పడవ వాపసియ్యనీకి వచ్చినం.
మీ నాయిన అప్పటికే ఉన్నడు.
సైకిల్ స్టాండేసి, గడ్డిల కూసొని
చాప ఒడిల ఏసుకొని కుడుతున్నడు.
నీ దిక్కు చూడలే. నా దిక్కు చూడలే.
"ఈ చిరుగు ఎవరు చేసిండ్రు" అని మాత్రం అడిగిండు.
చేసింది నువ్వు, దిగేటప్పుడు.
నేనే మామా, అన్న.

సూది ఒక్క గడియ ఆగింది.
మళ్ళ నడిచింది.